మీకు తెలుసా? కుంకుమలో వేసే వెలిగారమే కలపకు కాపలా

పసుపు కొమ్ముల నుంచే కుంకుమ చేస్తారని చాలామందికి తెలుసు. మరి పచ్చటి పసుపుకు ఆ ఎరుపు ఎక్కడి నుంచి వస్తుంది? ఇంట్లో కుంకుమ చేసిన పెద్దవాళ్లను అడగండి. నిమ్మరసం, పటిక, వెలిగారం అని మూడు పేర్లు చెబుతారు. వెలిగారంలో బోరాన్ అనే మూలకం ఉంది. పులుపు తోడైతే అది పసుపులోని కర్కుమిన్‌ను పట్టుకుని ఎర్రటి పదార్థంగా మార్చేస్తుంది.

కలపకు పురుగు మందు పట్టించే కర్మాగారాల్లో, ఆ మందు చెక్కలోకి ఎంత లోతుకు దిగిందో తేల్చే పరీక్ష కూడా ఇదే. మందు పట్టించిన దుంగ నుంచి ఒక ముక్క అడ్డంగా కోస్తారు. కోసిన ముఖం మీద ఆల్కహాల్‌లో తీసిన పసుపు సారం చల్లుతారు. అది ఆరాక సాలిసిలిక్ ఆమ్లం కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం చల్లుతారు. మందు దిగినంత మేరా చెక్క కుంకుమ రంగుకు తిరుగుతుంది. దిగని నడిమి భాగం పసుపు పచ్చగానే ఉండిపోతుంది. మన పూజగదిలోని కుంకుమను ఎర్రబరిచిన రసాయన చర్యే ఆ కర్మాగారంలో సాక్ష్యం చెబుతోందన్నమాట.

ఆ మందు పేరు బోరేట్. అంటే వెలిగారమూ, దాని కుటుంబంలోని ఇతర ఉప్పులూ.

టంకణం టింకాల్ ఎలా అయింది?

వెలిగారాన్ని సంస్కృతంలో టంకణం అంటారు. కంసాలి బంగారం ముక్కలను అతికే ముందు అతుకు దగ్గర వెలిగారం రాస్తాడు. వేడికి అది కరిగి, లోహం మీద ఏర్పడే ఆక్సైడు పొరను తనలో కలిపేసుకుంటుంది. అప్పుడే అతుకు శుభ్రంగా పడుతుంది. పూర్వం ఈ ఉప్పు టిబెట్, లడఖ్ ప్రాంతాల ఉప్పు సరస్సుల నుంచి, వేడినీటి బుగ్గల దగ్గరి నుంచి గొర్రెల వీపుల మీద కనుమలు దాటి వచ్చేది. లడఖ్‌లోని పూగా లోయ అలాంటి చోటే. అక్కడి నుంచి పడమటి దేశాలకు వెళ్లిన సరుకుతో పాటు పేరూ ప్రయాణం చేసి, టంకణం కాస్తా టింకాల్ అయింది. ఇవాళ ప్రపంచంలోని బోరాన్ నిల్వల్లో సింహభాగం తుర్కియేలో ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో పెద్ద గని ఉన్న ఊరి పేరే బోరాన్.

ఇక్కడ ఒక జాగ్రత్త. పటిక, వెలిగారం చూడటానికి ఒకేలా ఉండటం వల్ల చాలామంది ఒకటనుకుంటారు. పటిక అల్యూమినియం ఉప్పు, దానిలో బోరాన్ లేదు. పటిక నీళ్లలో చెక్కను ఎన్నాళ్లు నానబెట్టినా బోరేట్ చేసే పని జరగదు.

చెద ఎందుకు చస్తుంది?

చాలా పురుగుమందులు నరాల మీద దెబ్బ కొడతాయి. తగిలిన క్షణాల్లో పురుగు గిలగిలలాడుతుంది. బోరేట్ దారి వేరు. అది కడుపులోకి వెళ్లాలి. చెదపురుగు చెక్కను కొరికి మింగినప్పుడు బోరేట్ కూడా లోపలికి పోతుంది. తిన్న తిండిని శక్తిగా మార్చే ఎంజైములకు అడ్డం పడుతుంది. ఎదుట తిండి ఉన్నా, కడుపు నిండినా ఆ పురుగుకు శక్తి రాదు. కొన్ని రోజుల్లో చస్తుంది. చెక్కను కుళ్లబెట్టే శిలీంధ్రాల విషయంలోనూ ఇదే కథ. అవి కొరకవు, చెక్కలోకి ఎంజైములను వదిలి కరిగించుకుని తాగుతాయి. ఆ తాగేదానిలో బోరేట్ ఉంటే ఎదగలేవు. చెదకూ, పుచ్చుపురుగుకూ, కుళ్లుకూ ఒకే ఉప్పు పనికిరావడం వెనక కారణం ఇది.

చెదలన్నీ ఒక్కలా తినవన్న సంగతి కూడా చెప్పాలి. కొన్ని జాతుల కడుపులో చెక్కను అరిగించే సూక్ష్మజీవులు కాపురం ఉంటాయి. పుట్టలు పెట్టే చెదల పద్ధతి ఇంకా చిత్రంగా ఉంటుంది. అవి నమిలి తెచ్చిన చెక్క మీద పుట్ట లోపల శిలీంధ్రాన్ని సాగు చేస్తాయి. ఆ శిలీంధ్రం వానాకాలంలో పుట్టను చీల్చుకుని గొడుగులా పైకి లేస్తుంది. తెలుగువాళ్లు దానికి పుట్టగొడుగు అని పేరు పెట్టారు. పుట్టకూ గొడుగుకూ ఉన్న చుట్టరికాన్ని ఎంత సరిగ్గా చూశారో గమనించండి.

చేవ ఉన్న చెక్క, లేని చెక్క

మంచి టేకును చెద ఎందుకు అంత సులువుగా ముట్టదు? చెట్టు ముదిరేకొద్దీ నడిమి కణాలు చనిపోయి, వాటిలో చేదు పదార్థాలు, నూనెలు పేరుకుంటాయి. అదే చేవ. దాని చుట్టూ ఉండే లేత రంగు చెక్క బతికి ఉన్న చెట్టుకు నీళ్లు మోసే భాగం. దానిలో పిండిపదార్థం నిల్వ ఉంటుంది. చేవకున్న రక్షణ దానికి లేదు. టేకులోనైనా సరే, ఆ తెల్లచెక్క పురుగుకు విందే. పాతకాలపు వడ్రంగి దాన్ని చెక్కి పారేసేవాడు. ఇప్పుడు తక్కువ వయసు చెట్లు కొట్టడం వల్ల దూలంలో తెల్లచెక్క వాటా పెరిగింది, పారేసే స్తోమత ఎవరికీ లేదు. పాత ఇంటి ద్వారబంధం వందేళ్లు నిలిచి, కొత్త ఇంటిది పదేళ్లకు గుల్లబారడం వెనక పనివాడి లోపం కన్నా ఈ మార్పే ఎక్కువ ఉందని నా నమ్మకం.

బల్ల కింద తెల్లటి మెత్తని పిండి రాలి, చెక్క మీద గుండుసూది మొన పట్టేంత కన్నాలు కనిపిస్తే అది చెద కాదు, పుచ్చుపురుగు. తల్లి పురుగు చెక్క సూక్ష్మరంధ్రాల్లో గుడ్లు పెడుతుంది. పిల్ల లోపలే పిండిపదార్థం తింటూ నెలల తరబడి సొరంగాలు తొలుస్తుంది. మనకు కనిపించే కన్నం అది లోపలికి వెళ్లిన దారి కాదు, ఎదిగి బయటికి వచ్చేసిన దారి. కన్నం కనిపించేసరికి ఒక తరం తిని వెళ్లిపోయిందని అర్థం.

పిండిపదార్థం తెచ్చే ఈ ముప్పుకు రబ్బరు చెట్టు చెక్క మంచి ఉదాహరణ. దుకాణాల్లో డైనింగ్ టేబుళ్లుగా అమ్మే రబ్బర్‌వుడ్‌లో పిండిపదార్థం దండిగా ఉంటుంది. పాలు తీయడం ఆగిపోయిన ముసలి రబ్బరు చెట్లు ఒకప్పుడు పొయ్యిలోకి తప్ప పనికొచ్చేవి కావు. కొట్టిన కొద్ది రోజుల్లోనే నీలిమచ్చ, పురుగు పట్టేవి. చెట్టు కూలిన కొద్ది రోజుల్లోనే కోసి, బోరిక్ ఆమ్లం, వెలిగారం కలిపిన ద్రావణాన్ని ఒత్తిడితో పట్టించే పద్ధతి వచ్చాక మలేసియాలోనూ, కేరళలోనూ ఆ వంటచెరకు ఫర్నిచర్ కలప అయింది. దాని కోసం ఇంకో అడవి చెట్టు కొట్టనక్కర్లేదు.

నీటితో వచ్చేది, నీటిలోనే ఈదేది

బోరేట్ నీటిలో కరుగుతుంది. దాని బలమూ బలహీనతా రెండూ ఇక్కడే ఉన్నాయి.

ముందు బలం. పచ్చికలపను కోసిన వెంటనే చిక్కటి బోరేట్ ద్రావణంలో ముంచి తీస్తారు. తడి ఆరకముందే పలకలను దగ్గరదగ్గరగా పేర్చి, గాలి తగలకుండా ప్లాస్టిక్ పట్టాలు కప్పేస్తారు. ఇక మనిషి చేసేది ఏమీ లేదు. చెక్క లోపలి తేమే దారి. గ్లాసు నీళ్లలో ఒక మూల వేసిన ఉప్పు కలపకపోయినా మెల్లగా అంతటా పరుచుకున్నట్టు, పైన ఉన్న మందు లోపలికి పాకుతుంది. అంగుళం మందం పలకకు సుమారు నెల పడుతుంది, రెండంగుళాలకు రెండు నెలల పైమాటే. యంత్రం అక్కర్లేదు, ఒత్తిడి తొట్టి అక్కర్లేదు. కావలసింది ఓపిక. ఎండిన కలపకు ఈ దారి మూసుకుపోతుంది. తేమ 30 శాతం కన్నా బాగా తగ్గిన చెక్కలో బోరేట్‌కు ఈదడానికి నీరుండదు. అందుకే ఎండిన చెక్క మీద బ్రష్‌తో ఒక పూత పూసి మందు పెట్టామనుకుంటే, అది పై పొరలోనే ఆగిపోతుంది. లోపల ఇప్పటికే పురుగు ఉంటే దాని దాకా చేరదు.

ద్రావణం తయారీలో ఒక చిన్న విశేషం ఉంది. గది వేడిలో బోరిక్ ఆమ్లం ఒక్కటే అయితే నీటిలో 5 శాతం దాకా కరుగుతుంది. వెలిగారం ఒక్కటే అయినా అంతే. రెండూ కలిపి వేస్తే ఒకదానికొకటి సాయం చేసుకుని ఎక్కువ కరుగుతాయి. పైగా ఒకటి ఆమ్లం, ఇంకొకటి క్షారం కాబట్టి కలిసిన నీరు ఇంచుమించు తటస్థంగా ఉంటుంది. సాధారణంగా వాడే పాళ్లు రెండు వంతుల బోరిక్ ఆమ్లానికి మూడు వంతుల వెలిగారం. పది లీటర్ల గోరువెచ్చని నీటికి 200 గ్రాముల బోరిక్ ఆమ్లం, 300 గ్రాముల వెలిగారం కలిపితే 5 శాతం ద్రావణం తయారవుతుంది. వెదురుకు ఇది సరిపోతుంది.

వెదురు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దానిలో చేవ అంటూ లేదు, బొంగు గోడ అంతటా పిండిపదార్థం ఉంటుంది. మన పల్లెల్లో వెదురును కొట్టి చెరువులో వారాల తరబడి నానబెట్టే అలవాటుంది. ఆ నానబెట్టడంలో పిండి, చక్కెరలు కొంత నీటిలోకి పోతాయి, పురుగుకు తిండి తగ్గుతుంది. అది తెలివైన పద్ధతి. బోరేట్ ఆ తెలివికి తరువాతి మెట్టు. బొంగు చుట్టూ పచ్చటి పై తోలు నీటిని రానివ్వదు కాబట్టి లోపలి గణుపుల అడ్డుగోడలను పొడవాటి ఇనుప చువ్వతో పొడిచి కన్నం చేయాలి. అప్పుడు ద్రావణం లోపలి వైపు నుంచి గోడలోకి ఇంకుతుంది. ఒకటి రెండు వారాలు ముంచి ఉంచి, తీసి నీడలో నిలబెట్టి ఆరబెడతారు. ఇండోనేసియాలోని బాలి ద్వీపంలో భారీ వెదురు భవనాలు బోరేట్ పట్టించిన వెదురుతోనే నిలబడుతున్నాయి.

ఒక దేశం మందు మానేసి చూసింది

న్యూజీలాండ్‌లో ఇళ్ల గోడల లోపలి చట్రం చెక్కదే. అక్కడ విరివిగా పెంచే రేడియాటా పైన్ త్వరగా పెరుగుతుంది, ఎక్కువ భాగం తెల్లచెక్కే. 1950ల నుంచి అక్కడ ఇళ్ల చట్రాలకు బోరాన్ పట్టించడం మామూలు సంగతి. దశాబ్దాల పాటు అంతా బాగానే ఉండటంతో, 1990ల రెండో సగంలో బట్టీలో బాగా ఎండబెట్టిన పైన్‌కు మందు అక్కర్లేదని ప్రమాణాలు సడలించారు. చెక్క పొడిగా ఉంటే కుళ్లదన్నది నిజమే. కానీ పొడిగా ఉండలేదు.

అదే కాలంలో మధ్యధరా సముద్ర తీరపు ఇళ్ల తీరు అక్కడ ఫ్యాషన్ అయింది. గోడలకు నున్నటి పూత, బల్లపరుపు పైకప్పు, చూరు లేదు. మన పెంకుటిళ్ల చూరు గోడ మీద పడకుండా ఎంత వాననీటిని దూరంగా జారుస్తుందో ఆలోచించండి. అది లేకపోయేసరికి పూత పగుళ్లలోంచి, కిటికీ అంచుల్లోంచి నీరు దిగింది. గోడ లోపల గాలి ఆడక ఆ నీరు ఆరలేదు. మందులేని చట్రం బయటికి కనిపించకుండా లోపల కుళ్లింది. గోడలోని చెక్క పిండిగా మారడం వల్ల కుటుంబాలు కొత్త ఇళ్లను వదులుకోవాల్సి వచ్చింది. 2002లో ప్రభుత్వ విచారణ నివేదిక వచ్చింది, బాధితుల కోసం చట్టం వచ్చింది. 2004 నుంచి చట్రాలకు మందు మళ్లీ తప్పనిసరి అయింది. 2009 నాటి ఒక అంచనా ప్రకారం దెబ్బతిన్న ఇళ్లు సుమారు 42,000 ఉంటాయి.

తప్పంతా చెక్కదే అనడం న్యాయం కాదు. నీరు దిగేలా కట్టడం మొదటి తప్పు. కానీ బోరాన్ ఉండి ఉంటే ఆ చట్రాలు లోపం బయటపడి మరమ్మతు చేసేదాకా ఓర్చుకునేవి. ఇప్పుడు అక్కడ బోరాన్ పట్టించిన చట్రాల చెక్కకు గులాబీ రంగు కలుపుతారు. దూరం నుంచి చూసినా ఏ చెక్కకు మందు పట్టిందో కనిపించాలని.

వాన తగిలే చోట పనికిరాదు

ఇక బలహీనత. నీటితో లోపలికి వచ్చిన బోరేట్ నీటితోనే బయటికి పోతుంది. చెక్కకు అంటుకుని స్థిరపడిపోదు. కంచె గుంజకు, పొలంలో పాతే స్తంభానికి, ఎప్పుడూ వానలో తడిసే గేటుకు బోరేట్ ఒక్కటే చాలదు. కొన్ని వానాకాలాల్లో కడుక్కుపోతుంది. అలాంటి చోట్లకు వేరే మందు కావాలి.

ఆ వేరే మందు పుట్టింది మన దేశంలోనే. డెహ్రాడూన్‌లోని అటవీ పరిశోధనా సంస్థలో పనిచేసిన సొంటి కామేశం 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపి, చెక్కలో స్థిరపడిపోయి నీటికి కడుక్కుపోని మందును కనిపెట్టారు. ఆర్సెనిక్, రాగిల సంకేతాలు కలిపి దాన్ని ఆస్కూ అన్నారు. సొంటి అనే ఇంటిపేరు తెలుగువారికి కొత్త కాదు. ఆ తర్వాత ప్రపంచంలో లెక్కలేనన్ని కరెంటు స్తంభాలు, కంచె గుంజలు ఆ మందుతోనే నిలబడ్డాయి. కానీ ఆర్సెనిక్ విషం. పిల్లలు ఆడుకునే చోట, ఇళ్ల వరండాల్లో దాని వాడకాన్ని అమెరికాలో తయారీదారులు 2003 చివరికల్లా ఆపేశారు. ఇంటి లోపలి కలప విషయంలో బోరేట్‌కు గౌరవం పెరగడానికి అదొక కారణం. రెండింటిలో ఏది గొప్పదని వాదించడం అనవసరం. పొలం గట్టున ఒకటి, పైకప్పు కింద మరొకటి.

నీటితో కదలడాన్నే మంచికి వాడుకున్న ఒక ఉపాయం నాకు చాలా ఇష్టం. బోరేట్‌ను కరిగించి గాజులాంటి చిన్న కడ్డీలుగా పోత పోస్తారు. కిటికీ చట్రం మూలల్లో, స్తంభం మొదట్లో రంధ్రం చేసి ఆ కడ్డీ దూర్చి బిరడా కొడతారు. చెక్క పొడిగా ఉన్నన్నాళ్లూ కడ్డీ కదలదు. ఎక్కడైనా నీరు దిగి తేమ పెరిగితే, అంటే కుళ్లు మొదలయ్యే పరిస్థితి వస్తే, ఆ తేమకే కడ్డీ కరిగి చుట్టూ పరుచుకుంటుంది.

ఎంత సురక్షితం?

క్యారమ్ బోర్డు మీద చల్లే పొడి చాలాచోట్ల బోరిక్ ఆమ్లమే. బొద్దింకలకు చక్కెరలో కలిపి ఉండలు చేసి పెట్టేదీ అదే. పత్తి, వేరుశనగ, కొబ్బరి రైతులు బోరాన్ లోపానికి పిచికారీ చేసే 20 శాతం బోరాన్ ఎరువులో ఉండేది డైసోడియం ఆక్టాబోరేట్ టెట్రాహైడ్రేట్; విదేశాల్లో కలపకు పట్టించే బోరేట్ కూడా అదే. పరిచయమైన వస్తువే కదా అని అజాగ్రత్త మాత్రం వద్దు. పెద్దలకు ఒక్కసారి కొద్దిగా తగిలితే పెద్ద ప్రమాదం లేదు కానీ, మింగితే విషమే, పసిపిల్లలకు మరీ. ఎక్కువ మోతాదులో సంతానోత్పత్తికి హాని చేస్తుందని ఐరోపా సమాఖ్య దాన్ని హానికర పదార్థాల జాబితాలో పెట్టింది. కలిపే వేళ చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ ఉండాలి. వంటపాత్రల్లో కలపకూడదు. మందు పట్టించిన చెక్కను కూరలు తరిగే పీటకూ, పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకూ వాడకూడదు. మిగిలిన ద్రావణం పెరట్లో పారబోయకండి. మొక్కకు బోరాన్ చిటికెడు అవసరం, ఆపైన అది కలుపుమందు లాంటిది.

ఇల్లు కట్టుకుంటున్నవారికి ఒక మాట. బోరేట్ పట్టించిన ద్వారబంధాన్ని చెద తినకపోవచ్చు, కానీ నేల నుంచి మట్టి బాట కట్టుకుని దాని మీదుగా పాకి అలమారలోని పుస్తకాల దాకా వెళ్లగలదు. పునాది దశలో మట్టికి చేయించే చెద చికిత్సకు బోరేట్ బదులు కాదు. రెండూ కావాలి. కలప అడితిలో చెక్క కొనేటప్పుడు తెల్లచెక్క ఎంత ఉందో చూడండి, మందు ఎప్పుడు, ఎలా పట్టించారో అడగండి. పూత పూశామంటే సరిపెట్టుకోకండి. ద్వారబంధం, కిటికీ చట్రం, వాసాలు కోసి, రంధ్రాలు తొలిచాక, రంగు వేయకముందే, గోడలో కూర్చోబెట్టకముందే మందులో నాననివ్వండి. ముఖ్యంగా నేలకు ఆనే కింది చివరలను. చెక్క పక్కల నుంచి కన్నా కోసిన చివరల నుంచే నీటిని ఎన్నో రెట్లు వేగంగా పీల్చుకుంటుంది. తేమా, చెదా మొదట ఎక్కేది కూడా ఆ చివరల నుంచే.